మంద ఎవరి చేతిలో ఉంది

1949 ఎండాకాలం. రాయదుర్గం గుట్టల పక్కన ఒక పాత రాతి ఇంటిని కిరాయికి తీసుకుని నడిపే చిన్న దవాఖానలో నేను నర్సుగా చేరిన కొత్త. ఇప్పుడు అద్దాల మేడలు, మెట్రో రైలు ఉన్న చోటే. అప్పుడక్కడ బండలు, బండల మీద ఎండ, ఎండలో కదిలే గొర్రెలు, అంతే. మధ్యాహ్నం పూట కిటికీలోంచి చూస్తూ ఉంటే ఆ బండలు మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు అనిపించేది. ఈ మాట మా సిస్టర్ సుగుణమ్మతో అంటే, "నీకు ఎండదెబ్బ తగిలినట్టుందే యాదమ్మా, పోయి మజ్జిగ తాగు" అనేది.

సుగుణమ్మక్కది బందరు వైపు. నాకంటే చాలా పెద్దది, పనిలో నాకు గురువు. నాది పక్కనే ఉన్న గచ్చిబౌలి. వార్డు మొత్తానికి నర్సులం మేమిద్దరమే. పగలొకరు, రాత్రొకరు అని పేరుకు డ్యూటీలు ఉండేవి. డాక్టరుగారు పట్నం నుంచి వీలైనప్పుడు వచ్చి, చూసి, చెప్పాల్సింది చెప్పి వెళ్లేవారు. ఆయన వెళ్లాక రోగులూ మేమూ, వట్టివేళ్ల తడకల మీంచి జారే నీటిచుక్కల చప్పుడూ మిగిలేవి. ఆ తడకల చల్లని వాసనలో ఒక్కోసారి పని చేస్తున్నామో కలగంటున్నామో తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే కొమరయ్యను నులక మంచం మీద మోసుకొచ్చారు. మాదాపూర్ అవతల గొర్రెలు కాసుకునే మనిషి. మంద దగ్గరే జ్వరంతో కూలబడ్డాడట. ఎంత పొడుగంటే మా ఇనుప మంచం చాలక పాదాలు బయటికి వచ్చేవి. డాక్టరుగారు చూసి టైఫాయిడ్ అన్నారు.

టైఫాయిడ్‌కు అప్పట్లో మా దగ్గర మందు లేదు. ఉన్నదల్లా నర్సింగే. స్పాంజింగ్, అంటే గోరువెచ్చని నీళ్లలో ముంచిన బట్టతో ఒళ్లు తుడిచి జ్వరం దించడం. ఫీడింగ్ కప్పుతో, అంటే పడుకున్నవాళ్లకు తాగించే కొమ్ము ఉన్న పింగాణీ గిన్నెతో, బార్లీ నీళ్లు గుక్కగుక్కగా పట్టించడం. వీపు పుండ్లు పడకుండా పక్కలు మార్చడం. వీటన్నిటికంటే పెద్ద పని ఇంకోటి ఉంది. రోగిని లేవనివ్వకూడదు. మూడో వారం వచ్చేసరికి పేగు లోపల పుండ్లు పడి పలచబడి ఉంటుంది. దిగ్గున లేచాడంటే చిల్లు పడొచ్చు. చిల్లు పడితే ఇక మా చేతుల్లో ఏమీ ఉండదు.

కొమరయ్యకు మూడో వారంలోనే డెలీరియం మొదలైంది. మన ఊళ్లలో సంధి కొట్టిందంటారే, అదే. కళ్లు తెరిచే ఉంటాయి కానీ మనల్ని చూడవు. దుప్పటి అంచులు పీకుతూ పైకప్పు వైపు చెయ్యి చాపేవాడు.

"అగో, మంద గుట్టెక్కుతున్నది! నల్ల పొట్టేలు దారి తప్పింది. ఇడువుండ్రి నన్ను, ఇడువుండ్రి!"

"పడుకో నాయనా, గొర్రెలన్నీ ఇక్కడే ఉన్నాయి" అనేది సుగుణమ్మక్క, రెండు భుజాలూ పట్టుకుని.

"ఏడున్నయ్? నాకు కనిపిస్తలేవు." మళ్లీ లేవబోయేవాడు.

మంచానికి కట్టేద్దామని డాక్టరుగారు అన్నారు. కట్టేస్తే ఇంకా పెనుగులాడతాడండీ, నేను కూర్చుంటాను అని అక్క బతిమాలింది. అన్నట్టే కూర్చుంది. పగలు తనదే, రాత్రి తనదే. నా డ్యూటీ వచ్చినా లేవదు. మిగతా రోగులందరినీ నాకు అప్పజెప్పి, ఆ ఒక్క మంచాన్ని మాత్రం తన కొంగుకు ముడేసుకుంది. చూస్తూ చూస్తూ ఉండగానే మనిషి సగమైపోయింది. థర్మామీటర్ జేబులో పెట్టుకుని వార్డంతా వెతికేది. ఒకసారి బార్లీ నీళ్లు కొమరయ్య నోట్లో కాకుండా దిండు మీద పోసి, "తాగేశాడు, బంగారుతండ్రి" అంది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

"జర సేపన్న పండు అక్కా! నీ మొకం అద్దంల చూసుకున్నవా? గాయన పక్కనే నీకూ ఓ మంచం వెయ్యాలె" అన్నాను.

"నాకేం నిద్ర రావట్లేదే."

"దిండుకు బార్లీ తాగిపిచ్చినవ్!"

అక్క నవ్వలేదు. తడిబట్ట పిండుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. "బందరులో ఉన్నప్పుడు ఇలాంటి పేషెంటే యాదమ్మా. కుర్రాడు. నా డ్యూటీ అయిపోయిందని వెళ్లిపోయాను. తర్వాత వచ్చే ఆమె ఇంకా రాలేదు, దారిలోనే ఉంది. ఆ కాస్త సందులోనే వాడు లేచాడు. మళ్లీ నేను వెళ్లేసరికి పరుపు చుట్టేసి ఉంది. ఇంక నన్ను లెమ్మని అడక్కు."

బకెట్ పట్టుకుని బావి దగ్గరికి వచ్చేశాను. ఆయన పోతే అక్క బతకదు, ఆయన బతికేలోగా అక్క పోయేట్టుంది.

బావి పక్కన వేపచెట్టు నీడలో కొమరయ్య భార్య మల్లవ్వ కూర్చుని ఉంది. అంటురోగమని ఆమెను వార్డులోకి రానిచ్చేవాళ్లం కాదు. పక్కన మడతపెట్టిన గొంగడి, దాని మీద ఒక కర్ర పెట్టుకుని, వచ్చిన రోజు నుంచీ అక్కడే.

"లేస్తనే అంటున్నడా బిడ్డా?" అంది.

"లేస్తనే అంటున్నడు. పరేషాన్ చేస్తున్నడు అందర్ని."

"ఎట్ల పంటడు? కట్టె ఎవలు తీస్కోలేదు గద."

నాకు అర్థం కాలేదు. ఏం కట్టె అన్నాను. ఆమె గొంగడి మీది కర్ర చూపించింది. పట్టుకునే చోట నున్నగా అరిగిపోయి ఉంది.

"మంద కాడ ఎవని చేతిల కట్టె ఉంటే వాడే మేల్కొనుడు. ఇంకోడొచ్చి కట్టె పట్టుకోని, నా చేతిల ఉన్నది నువ్వు పండు, అనాలె. గట్లంటేనే ఒరుగుతడు. అనకుంటే ఎంత నిద్రొచ్చినా ఒరగడు. ఈయనేమో కట్టె చేతిల ఉండంగనే పడిపాయె. జనం ఈయన్ని ఎత్కొచ్చిండ్రు గని, కట్టె తీస్కున్నోడు లేడు. గందుకే ఇంకా కాస్తనే ఉన్నడు."

అప్పుడు వెలిగింది నాకు. ఇన్ని రోజులుగా మేము గొర్రెలు ఇక్కడే ఉన్నాయని చెబుతున్నాం. ఆయన అడుగుతున్నది అది కాదు.

కర్ర ఇమ్మని మల్లవ్వను అడిగాను. వార్డులోకి బయటి వస్తువు రాకూడదు కాబట్టి ఫినాయిల్‌తో దాన్ని పై నుంచి కింద దాకా తోమాను. మల్లవ్వ ముక్కు మూసుకుని, "గా వాసనకు గొర్రెలు పారిపోతయ్" అంది. ఆ పరిస్థితిలో కూడా ఇద్దరం నవ్వుకున్నాం.

లోపలికి వెళ్లి సంగతి చెబితే సుగుణమ్మక్క నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అప్పుడే కొమరయ్య మళ్లీ మోచేతుల మీద లేవబోతున్నాడు. ఇంకేం ఆలోచించకుండా కర్ర ఆయన చేతిలో పెట్టాను. వేళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. కళ్లు దానివైపు తిరిగాయి. మొదటిసారి ఆ కళ్లు నిజంగా ఎదుట ఉన్న వస్తువును చూశాయి.

అక్క మెల్లగా చెయ్యి చాపి కర్ర రెండో కొస పట్టుకుంది. "నా చేతిలో ఉందయ్యా. నువ్వు పడుకో."

కొమరయ్య ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత ఒక్కొక్క వేలూ వదిలేశాడు. గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి పక్కకు ఒరిగాడు. చూస్తుండగానే గురక. నేను గబగబా నాడి చూశాను. సన్నగా, కానీ సమంగా కొట్టుకుంటోంది. పొట్ట మెత్తగానే ఉంది, అంటే చిల్లు పడలేదు. అది నిద్రే, మంచి నిద్ర. ఏడుపొచ్చేసింది నాకు.

పొద్దు వాలే వేళకు ఎండ పసుపురంగుకు తిరిగి తడకల సందుల్లోంచి గచ్చు మీద పడుతోంది. బయట ఏదో మంద ఇంటికి మళ్లుతున్నట్టుంది, గంటల చప్పుడు. కొమరయ్య కళ్లు తెరిచాడు. ఎదురుగా స్టూలు మీద సుగుణమ్మక్క, ఒళ్లో కర్ర, తల ముందుకు తూలుతోంది.

ఆయన భృకుటి ముడిపడింది. "గామె ఇంకా గామెనే ఉన్నదా? మార్చలేదా?" మళ్లీ మోచెయ్యి ఊనాడు. "నిద్రకండ్లతోని ఉన్నది. మంద పోతది. మార్చుండ్రి!"

"లేదయ్యా, నేను మెలకువగానే ఉన్నాను" అంది అక్క ఉలిక్కిపడి.

"అబద్ధం. మార్చుండ్రి!" భుజం పైకి లేస్తోంది.

నేను వెళ్లి కర్ర పట్టుకున్నాను. అక్క వదల్లేదు. మా ఇద్దరి మధ్యా కర్ర, మా ఇద్దర్నీ చూస్తూ సగం లేచిన కొమరయ్య. ఆ క్షణం అక్క కళ్లలో బందరులోని ఆ చుట్టిన పరుపు నాకు కనిపించింది.

"నేను దారిల లేను అక్కా" అన్నాను. "ఈడనే ఉన్న. వచ్చేసిన. చూడు."

అప్పుడు అక్క చెప్పడం మొదలుపెట్టింది. గడగడా, ఊపిరి తీసుకోకుండా. ఇందాకే కుడిపక్కకు తిప్పాననీ, బార్లీ చల్లగా ఉంటే ఉమ్మేస్తాడనీ, గంటలు వినిపిస్తే ఉలిక్కిపడతాడు కాబట్టి ముందే భుజం మీద చెయ్యి వెయ్యాలనీ, జ్వరం ఉన్నట్టుండి పడిపోయి నాడి పరుగెత్తితే పేగు తెగినట్టేననీ. తన తలలో మోస్తున్నదంతా నా తలలోకి దింపింది. ఇక చెప్పడానికేమీ మిగలనప్పుడు ఆగిపోయింది.

"నా చేతిల ఉన్నది అక్కా. నువ్వు పండు."

కర్ర వదిలేసింది. కొమరయ్య తల దిండు మీద వాల్చాడు. అక్క గోడ పట్టుకుని నడుస్తూ బయటికి వెళ్లింది. వేపచెట్టు కింద మల్లవ్వ గొంగడి పరిచి, ఆమెను పడుకోబెట్టి, కొంగుతో విసురుతూ కూర్చుంది. నేను ఒళ్లో కర్రతో స్టూలు మీద కూర్చున్నాను. చీకటి పడేముందు ఒక్క క్షణం, ఆ పసుపు వెలుగులో, నల్ల గొర్రెలు మంచాల మధ్య నుంచి నిశ్శబ్దంగా నడిచి వెళ్తున్నట్టు చూశాను. ఎండదెబ్బ అనుకున్నా సరే. నాకు భయం వెయ్యలేదు. వాటిని చూసుకోవలసింది నేను.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక సుగుణమ్మక్క జుట్టు చెదిరి, చెంప మీద గొంగడి నేత అచ్చుతో గుమ్మంలోకి వచ్చింది. మంచం వైపు చూసే ధైర్యం లేదు. నావైపే చూస్తూ, "ఉన్నాడా?" అంది.

"ఉన్నడు. నీకంటే ముందే లేచి నీళ్లడిగిండు. పండుకోనే అడిగిండులే, ఫికర్ చెయ్యకు."

ఆమె గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. బందరు నుంచి మోసుకొచ్చిన ఏడుపంతా అక్కడ దింపేసింది.

కొమరయ్య మెల్లగా కోలుకున్నాడు. ఆ సంగతులేవీ ఆయనకు గుర్తు లేవు. ఇంటికెళ్లే రోజు "నా కట్టె ఏది?" అన్నాడు. అక్క తెచ్చి ఒక కొస తన చేతిలోనే ఉంచుకుంది. అనాల్సిన మాట అంటేనే వదులుతానంది. ఆయన సిగ్గుపడి, తర్వాత చాలా మర్యాదగా అన్నాడు: "నా చేతిల ఉన్నదమ్మా. ఇగ నువ్వు పండు."

ఈమధ్య ఆస్పత్రుల్లో నర్సుల అలసట మీద, డ్యూటీ మారేటప్పుడు చేసే హ్యాండోవర్ మీద, అంటే అప్పగింత మీద, పరిశోధనలు జరుగుతున్నాయని ఇప్పటి నర్సు పిల్లలు వచ్చి చెబుతుంటారు. సంతోషం. నేను చదివింది తక్కువ, నాకు తెలిసింది ఒక్కటే. టైమ్ అయిపోయినంత మాత్రాన నర్సు డ్యూటీ దిగదు. ఒళ్లు ఇంటికి పోతుంది, మనసు మంచం దగ్గరే నిలబడి ఉంటుంది. ఇంకొకరు వచ్చి, అంతా విని, పట్టుకున్నానని నోరారా చెబితేనే దిగుతుంది. ఆ మాట అనకుండా నా సర్వీసులో ఏ పిల్లనూ వార్డు దాటనివ్వలేదు.

సుగుణమ్మక్క రిటైరైన రోజు అందరూ దండలు వేశారు, ఫోటో తీశారు, రిక్షా వచ్చి నిలబడింది. ఆమె మాత్రం వార్డు తాళాలు పిడికిట్లో పట్టుకుని గుమ్మం దగ్గరే ఉండిపోయింది. నేను వెళ్లి ఆ పిడికిలి మీద చెయ్యి వేశాను. ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం.

"నా చేతిల ఉన్నది అక్కా" అన్నాను.

ఒక్కొక్క వేలూ వదిలింది.