తన తొలగింపును తానే ఆమోదించినవాడు

సిరిసిల్ల నుంచి రమేశ్ ఫోన్ చేసి, "అన్నా, గంగాధర్ సార్ పోయిండు" అన్నప్పుడు నేను జగిత్యాల బస్టాండులో ఉన్నాను. దుఃఖం కంటే ముందు కోపమే వచ్చింది. ఛాతీలో నొప్పని తెలిసీ, తెలంగాణ బంద్ ముగిశాక దవాఖానకు పోదామన్నాడట. అంతటి మొండి మనిషి.

కోరుట్లలో కంప్యూటర్ సెంటర్ నడిపిన గంగాధర్, తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరును ఉచితంగా తయారుచేసే మా స్వచ్ఛంద బృందానికి వ్యవస్థాపకుడు, సారథి. మా వ్యవహారమంతా ఒక ఈమెయిలు గుంపులోనే. కొత్త సభ్యులు ఏది రాసినా నిర్వాహకుడిగా ఆయన చూసి వదిలితేనే అందరికీ చేరేది. ఆయన దేన్నీ ఆపేవాడు కాదు. మా ప్రాణాలు తోడింది ఆ సుగుణమే.

ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో ఒక కొత్త సభ్యుడు, తెలంగాణ అడిగేవాళ్లంతా సోమరులని రాశాడు. పొద్దున ధర్నాలో గొంతు చించుకుని వచ్చిన గంగాధర్, సాయంత్రం ఆ మెయిలును వదిలాడు. మా బృందంలోని తెలంగాణవాది రమేశ్ మండిపడ్డాడు.

"గా మెయిల్ ఎందుకిడిచినవ్ సార్? అసలు నువ్వు మనోనివేనా?"

"నువ్వు గూడ రాయి. గది సుత ఇడుస్త."

మరో కొత్త సభ్యుడు, గుంపులో రాజకీయాలు నిషేధించాలనీ గంగాధర్‌ను తొలగించాలనీ రాశాడు. అదీ ముందు గంగాధర్‌కే చేరింది. పక్కనే ఉన్న నేను, "పక్కకు పెట్టు, ఎవనికీ తెల్వది" అన్నాను.

"నా మీది ఫిర్యాదు నేనే ఆపుకుంటె గిది గుంపెట్లయితది? దొర మాటే నడిచే గడి అయితది" అంటూ మీట నొక్కేశాడు. ఏం చేయాలి ఇలాంటి మనిషిని!

తెలంగాణ వద్దనే అటువాళ్లూ, ఆ మెయిలు వదిలాడని కోపంగా ఉన్న రమేశ్ లాంటి ఇటువాళ్లూ ఏకమై, ఓట్లేసి ఆయనను నిర్వాహకుడిగా దించేశారు. అప్పటినుంచి పాతవాళ్ల మెయిళ్లకూ, ఆఖరికి ఆయన మెయిళ్లకే, కొత్త నిర్వాహకుల అనుమతి కావలసివచ్చింది. సాఫ్ట్‌వేరులో ఒక లోపాన్ని సరిచేసి పంపితే, చివర సంతకం కింద "జై తెలంగాణ" ఉందని ఆపేశారు. అక్షరాలు తారుమారవుతున్నాయని జనం మొత్తుకుంటున్నా సరే! ఆ ఒక్క ముక్క తీసేయమని ఎంత పోరానో.

"నేను తియ్య. ఆపెటోళ్లను ఆపనీ" అన్నాడు.

నిన్న ఆయన మరణవార్తను గుంపుకు పంపాను. స్వరాష్ట్రాన్ని కళ్లారా చూడకుండానే వెళ్లిపోయాడని రాశాను. ఆ రాజకీయ వాక్యం తీసేస్తే పంపుతామని జవాబు వచ్చింది. ఒళ్లు మండింది. తీయలేదు. అందుకే ఈ అశ్రునివాళిని పత్రికకు ఇస్తున్నాను. తనకు గిట్టని మాటకు కూడా చోటిచ్చే అంతటి ఉదాత్తుడు మాకు మళ్లీ దొరకడు.

ఆయన చావుకబురు ఆయన పెట్టిన గుంపుకే ఇంకా చేరలేదు. వదలడానికి గంగాధర్ లేడు.