పదకొండు నిమిషాలు

ఆఫీసులో అందరూ ఆవిడను చాటుగా తాళాలక్క అనేవారు. టీకి లేచినా సొరుగుకు తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేశాక వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే మనిషి మరి. లోపల ఉండేది ఒక దువ్వెన, రెండు తలనొప్పి మాత్రలు. అసలు సొత్తంతా తలలోనే ఉంది. రోగుల రికార్డులు చూపించేందుకు ఆ కంపెనీ ఆసుపత్రులకిచ్చే సాఫ్ట్‌వేర్ ఎప్పుడు మొరాయిస్తుందో, ఎలా దారికొస్తుందో ఇరవై రెండేళ్ళుగా ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అలాంటి మనిషిని మేనేజరు పిలిచి, "మీకు తెలిసినవన్నీ నాలెడ్జ్ పోర్టల్‌లో రాసెయ్యండి మేడమ్, ట్రైనింగ్‌కి పనికొస్తాయి," అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వే ఆవిడకు నచ్చలేదు.

"అంతా రాయించుకుని నన్ను ఇంటికి పంపే ఎత్తు ఇది," అంది భర్తతో.

"నీకు నీ నీడ మీద కూడా అనుమానమే," అన్నాడాయన.

రాసింది, కానీ ఒక మెలిక పెట్టి రాసింది. సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే సిస్టమ్ ఆపి, పదకొండు నిమిషాలు ఆగి మళ్ళీ ఆన్ చెయ్యాలని ఒక వాక్యం చేర్చింది. నిజానికి క్షణం కూడా ఆగక్కర్లేదు. తన రాత చదివి పదకొండు నిమిషాలు లెక్కపెట్టి ఆగేవాళ్ళెవరో, తన కుర్చీకి ఎసరు పెట్టేది వాళ్ళేనని ఆవిడ లెక్క.

పక్క సీట్లో కొత్తగా చేరిన అమ్మాయి గడియారం వైపు చూస్తే చాలు, ఈవిడ గుండె గతుక్కుమనేది. మూడు నెలలైనా ఆఫీసులో ఎవరూ ఆగలేదు. హమ్మయ్య అనుకుంది. తన రాత ఎవరూ చదవలేదా అని ఉక్రోషమూ వచ్చింది. అయినా ఉచ్చు తీసెయ్యలేదు.

ఒక ఉదయం భర్తకు ఆయాసం ముంచుకొచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇదివరకు ఏదో ఇంజెక్షన్ పడక ఆయన ఒళ్ళంతా వాచిపోయింది. దాని పేరు రికార్డులో ఉంది గాని, మొగుడూ పెళ్ళాలిద్దరికీ గుర్తులేదు. అది చూడందే సూది వెయ్యనన్నాడు డాక్టరు.

కౌంటర్లో స్క్రీన్ నల్లగా ఉంది.

"సిస్టమ్ మొరాయిస్తే ఇప్పుడే ఆపానండీ. పదకొండు నిమిషాలు ఆగాలి," అంది అక్కడి అమ్మాయి.

తాళాలక్క కౌంటర్ మీదికి వంగింది. "ఎవరు చెప్పారు?"

"కంపెనీ మేనేజరుగారే వచ్చి ట్రైనింగ్‌లో నేర్పారు. బాగా అనుభవమున్న మేడమ్ ఎవరో రాశారంట. పరీక్షలో కూడా ఇచ్చారు."

"ఆగక్కర్లేదమ్మా, ఆన్ చెయ్యి. అది రాసింది నేనే."

ఆ అమ్మాయి ఆవిడను ఎగాదిగా చూసి, మౌస్ పక్కకు లాక్కుంది. ఆ చూపు తాళాలక్కకు కొత్త కాదు. రోజూ తను అందరినీ చూసేది అలాగే.

ఇక మేనేజరుకే ఫోన్ చేసింది. "సార్, ఆ పదకొండు నిమిషాలు అబద్ధం. ఆన్ చెయ్యమని ఈ అమ్మాయికి చెప్పండి."

"అబద్ధమా? ఎందుకు రాశారు మేడమ్?"

పక్కనే మంచం చుట్టూ కట్టిన తెర వెనక నుంచి భర్త ఎగశ్వాస వినిపిస్తోంది.

"మిమ్మల్ని నమ్మక, సార్."

"ఫోన్ ఆ అమ్మాయికివ్వండి," అన్నాడు మేనేజరు.

స్క్రీన్ వెలిగేసరికి ఏడు నిమిషాలు గడిచిపోయాయి. సాయంత్రానికి ఆయన లేచి కూర్చుని, మంచినీళ్ళడిగాడు.

మర్నాడు ఆవిడ ఆఫీసుకెళ్ళి ముందు ఆ వాక్యం కొట్టేసింది. దువ్వెన, మాత్రలు సంచిలో వేసుకుంది. తాళంచెవి సొరుగుకే వదిలేసి, మేనేజరు పిలుపు కోసం కూర్చుంది.