చూస్తే చెరిగిపోయే బొమ్మ

మా ఆయన చనిపోయిన ఏడాది నేను గల్ఫులోని అల్ ఐన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేదాన్ని. ఆయనది ఖర్జూరపు తోటలో పని. చెట్టు మీది నుంచి పడ్డాడు. శవాన్ని ఊరికి పంపారు. సెలవివ్వలేదు గనక నేను వెళ్లలేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే రొట్టెల పిండి కలిపాను. ఏడుపు రాలేదు. రాలేదని బాధా కలగలేదు.

మా అబ్బాయి అక్కడి కాలేజీలో, వెలుగుతో ప్రయోగాలు చేసే గదిలో, సామాను తుడిచి సర్దేవాడు. ఒక గురువారం మధ్యాహ్నం వచ్చి వాళ్ల నాన్న మాట ఎత్తాడు.

"అమ్మా, బాపు బొమ్మ మా కాలేజీల ఒక రాయిల ఉన్నది. శనారం చెరిపేస్తరట. చూస్తవా?"

"రాయిల బొమ్మేందిరా? మీ బాపుకు విగ్రహం చెక్కిన్రా?"

"నువ్వు రా, చూపిస్త."

పాస్‌పోర్టులో ఆయన ఫొటో ఉంది. అందులో పోలీసు నిలబెడితే నిలబడ్డట్టు ఉంటాడు. నవ్వుతున్న ఫొటో ఒక్కటే. కాలేజీ ముదీర్, అంటే పెద్దసారు, ఖర్జూరాలకని తోటకు వచ్చినప్పుడు తీశాడు. ఆ ఫిల్ము ముక్కనే ప్రయోగానికి వాడారు. తర్వాత దాన్ని వెలుగుతో గోడ మీద వేసి చూడబోతే బల్బు వేడికి కరిగిపోయింది. ఇక ఆ నవ్వు మిగిలింది రాయిలోనే.

కాలేజీలో వాడి గది కిటికీలకు నల్లగుడ్డ కట్టారు. రాయి చూస్తే పటికబెల్లం పలుకంత లేదు, తేనె రంగు.

"దీనికా బస్సు కిరాయి పెట్టించినవ్?"

వాడు ఓపికగానే చెప్పాడు. రెండో తరగతితో బడి మానిన నాకు అర్థమైంది ఇంత: బొమ్మను మోసుకొచ్చే వెలుగూ, ఉత్త వెలుగూ రాయిలో కలిశాయి. వెలుగు పడ్డ చోటి నుంచి కంటికి కనపడని కరెంటు రేణువులు జరిగి, నీడ ఉన్న చోట చేరాయి. అవి చేరిన తీరును బట్టి ఒక్కో చోట వెలుగు వంగడం మారుతుంది. దీపం ఆపినా రేణువులు కదలవు. మళ్లీ ఉత్త వెలుగు వేస్తే, అది ఆ తేడాల్లో నుంచి నడిచి బొమ్మై బయటికి వస్తుంది.

"మరి చెరుపుడెందుకు?"

"ఉన్నది ఒక్కటే రాయి. వేరే బొమ్మ ఎక్కియ్యాలె. కరెంటు పొయ్యిల వేడి చేస్తే రేణువులన్నీ సమంగ సర్దుకుంటయ్."

"ఇయ్యమని అడుగకపోయినవా?"

"ముదీర్‌ను అడిగిన. ఖలాస్, కుదరదన్నడు. ఆ రాయి ధర నాకన్న పిరం."

స్విచ్చు మీద చెయ్యి పెట్టి, "జరసేపే చూడు. చూసే వెలుగే బొమ్మను చెరుపుతది" అన్నాడు.

రాయి వెనక నిలబెట్టిన తెల్ల అట్ట మీద ఆయన వచ్చాడు. ఆ దీపపు ఆకుపచ్చ వెలుగులో, అంచులు చెదిరి, ముందు పళ్ల మధ్య సందుతో సహా. ఆ నవ్వు నా ముందు నవ్వినది కాదు. తోటలో ఎవరో ఏదో అన్నదానికి నవ్వింది.

వాడు ఆపబోయాడు.

"ఉండనియ్యి."

"పోతదమ్మా."

"ఎట్లయిన శనారం పోయేదే గద. మిగిలిచ్చి ఎవలకిస్తవ్? పొయ్యిల పెట్టి పారేసుడు కన్న చూసుడే నయం."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ముందు కళ్లో, ముందు చెవులో పోతాయనుకున్నాను. అలా కాదు. నీళ్లు పోస్తున్న పాలలాగా అంతా కలిసే పలచబడింది. మా అబ్బాయి గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంటున్నాడు. నేను కళ్లార్పకుండా చూశాను. గుండెలో ఏమైనా కదులుతుందేమోనని కాసుకున్నాను. ఇంట్లో నానబెట్టిన పప్పు గుర్తొచ్చింది, అంతే.

కొంతసేపటికి ఉత్త అట్ట మిగిలింది. దాన్నీ కాసేపు చూశాను.

"ఇగ బందు చెయ్యి. కరెంటు దండగ."

శనివారం ముదీర్ రాయిలోకి వెలుగు వేసి చూశాడట. చెరపడానికి ఏమీ లేదు. పొయ్యి వెలిగించే పని తప్పిందని మా అబ్బాయి వచ్చి చెప్పాడు.

మంచిదే అన్నాను. వాడికి అన్నం పెట్టాను.