ఇరవై నిమిషాలు ముందుండే గడియారం

మా హాల్లో గోడ గడియారం ఇరవై నిమిషాలు ముందుంటుంది. అది పాడవలేదు. మా అత్తగారు కావాలనే అలా పెట్టారు.

మామయ్యగారు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో పనిచేసేవారు. షిఫ్టు బస్సు గుణదల సెంటర్లో ఆగి హారన్ కొడుతుంటే, ఈయన సగం గడ్డం గీసుకుని అద్దంలో తన అందం చూసుకుంటూ ఉండేవారట. విసిగిపోయిన అత్తగారు ఒకరోజు ఎవరికీ చెప్పకుండా స్టూలెక్కి ముల్లు ముందుకి తిప్పేశారు. ఆర్నెల్లపాటు ఆయనకి తెలియలేదు. అందరికంటే ముందు స్టాపులో నిలబడి, వెనకొచ్చిన వాళ్ళకి క్రమశిక్షణ మీద ఉపన్యాసాలిచ్చారు. ఆ తర్వాత చేతికి కొత్త వాచీ కొనుక్కుంటే అది ఇంటి గడియారంతో కలవలేదు. వాచీ ఇరవై నిమిషాలు వెనకబడుతోందని షాపుకెళ్ళి పెద్ద గొడవ చేసి వచ్చారు. అసలు సంగతి బయటపడేసరికి ఆయనకి బస్సు అందుకోవడం అలవాటైపోయింది, ఇంటికి ఆ గడియారం అలవాటైపోయింది.

పెళ్ళై ఈ ఇంటికొచ్చిన మొదటి వారం నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆదరాబాదరా వంట ముగించి చూస్తే మా ఆయన ఇంకా దుప్పట్లోనే ఉన్నారు. "గోడ టైము చూసి కంగారు పడకు. ఇరవై తీసెయ్" అన్నారు తాపీగా. ఇంట్లో ఎవరిని టైము అడిగినా "గోడ టైమా, అసలు టైమా?" అని ఎదురు ప్రశ్న వేసేవారు. నెల తిరిగేసరికి నాకు ఆ ప్రశ్నతో కూడా పనిలేకపోయింది. తీసివేత కళ్ళే చేసేసేవి. పాపం, చుట్టాలు మాత్రం రైలు తప్పిపోయిందని లబోదిబోమంటూ స్టేషన్‌కి పరిగెత్తి, ప్లాట్‌ఫాం మీద కూర్చుని మమ్మల్ని తిట్టుకునేవాళ్ళు. అందరూ ఇరవై తీసేసుకుంటే ఇక ఆ గడియారం ముందుండి లాభమేమిటని అడక్కండి. ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆదివారం పూజకి మేము ఎప్పుడూ మొదటి పాట అయిపోయాకే చర్చిలో అడుగుపెట్టేవాళ్ళం.

అత్తగారు పోయి మూడేళ్ళవుతోంది. మామయ్యగారు రిటైరై చాలా కాలమైంది. బస్సూ లేదు, షిఫ్టూ లేదు. అయినా ఆ గడియారాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. ఒకసారి మా ఆయన బ్యాటరీ మార్చి, ఫోన్లో చూసి సరైన టైము పెట్టేశారు. మామయ్యగారు ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రానికి ముల్లు మళ్ళీ ముందుకెళ్ళింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఇంగ్లీషులో టైము చెప్పడం నేర్చుకున్నది ఆ గడియారం మీదే. అదీ నలభై మూడేళ్ళ వయసులో, కిందటేడు.

పిల్లలిద్దరూ హాస్టళ్ళకి వెళ్ళిపోయారు. పొద్దున్నే మామయ్యగారికి ఇడ్లీ, మా ఆయనకి బాక్సు అయ్యాక మిగిలేది నేనూ, కుక్కరూ. దాని విజిల్ తప్ప నాతో మాట్లాడే దిక్కు లేదు. అలాంటప్పుడు ఊళ్ళో ఒక పళ్ళ ఆస్పత్రిలో రిసెప్షన్లో మనిషి కావాలన్నారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. జీతం సంగతి తర్వాత. నాదంటూ ఒక బల్ల ఉండాలి, దాని వెనక నేను కూర్చోవాలి, వచ్చినవాళ్ళు నన్ను అడక్కుండా లోపలికి వెళ్ళకూడదు. పెళ్ళైనప్పటి నుంచి ఇంత గట్టిగా నేను దేన్నీ కోరుకోలేదు.

పదిహేను రోజులు చూస్తాం, ఆఖరి రోజు పెద్ద డాక్టరుగారు స్వయంగా పరీక్షిస్తారు అంది మేనేజరు. ఆ పిల్లకి పాతికేళ్ళుంటాయేమో. పెద్ద డాక్టరుగారికి ఒక పిచ్చి ఉందట. టైము ముళ్ళ గడియారం చూసి చెప్పాలి, అదీ పాత పద్ధతిలో. 'టెన్ ఫిఫ్టీన్' అంటే ఆయనకి ఒళ్ళు మంట. 'క్వార్టర్ పాస్ట్ టెన్' అనాలి. వచ్చే పేషెంట్లందరూ ఉయ్యూరు, గుడివాడ, కొండపల్లి వాళ్ళు. నేను ఫోనెత్తి "గుడ్ మార్నింగ్, హౌ మే ఐ హెల్ప్ యూ" అంటే, అవతల నుంచి "ఏవండీ, దవడంతా వాచిపోయిందండీ, ఇయ్యాల పీకేత్తారా?" అని వినబడేది. వాచిన దవడకి క్వార్టర్ పాస్ట్ వల్ల ఏం ఉపశమనమో నాకిప్పటికీ తెలియదు.

మా ఆయన గుడివాడలో హైస్కూలు మాస్టారు. ఆయన్ని నేర్పమంటే భూమి తన చుట్టూ తాను తిరగడం దగ్గర మొదలుపెట్టారు. రెండో రోజే దండం పెట్టేశాను. అప్పుడు మామయ్యగారు రంగంలోకి దిగారు. ముప్పై ఏళ్ళు ఇంజినీర్ల ఇంగ్లీషు విన్న మనిషి కదా, ధైర్యం ఎక్కువ.

"ఇందులో బ్రహ్మవిద్య ఏవుందమ్మాయ్? మన పావు తక్కువ పదే వాళ్ళ క్వార్టర్ టు టెన్" అన్నారు. అంతటి ఇంగ్లీషూ నాకు ఆ ఒక్క ముక్కతో లొంగిపోయింది.

ఆయన పాఠం ఒకటే. నేను గోంగూర ఒలుస్తున్నా, పిండి రుబ్బుతున్నా వెనక నుంచి వచ్చి "వాట్ ఈజ్ ద టైమ్?" అని కేకేయడం. నేను హాల్లోకి తొంగిచూసి చెప్పాలి. అలవాటు కొద్దీ ఇరవై తీసేసి చెప్పేదాన్ని. ఆయన కూడా ఇరవై తీసేసుకుని "కరెక్ట్" అనేవారు. ఇద్దరం అసలు టైమే చెప్పుకుంటున్నాం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పెద్ద ముల్లు నాలుగు మీదుంటే ఓ క్లాక్. ఏడు మీదుంటే క్వార్టర్ పాస్ట్. పది మీదుంటే హాఫ్ పాస్ట్. ఒకటి మీదికొస్తే క్వార్టర్ టు. పది రోజుల్లో లెక్క కూడా అక్కర్లేకపోయింది, ముల్లు కనబడగానే మాట దానంతటదే వచ్చేసేది. ఆస్పత్రిలో అపాయింట్‌మెంట్లన్నీ కంప్యూటర్లో అంకెల్లో ఉండేవి, వాటిని చూసి తడుముకోకుండా చెప్పేదాన్ని. ఎదురుగా గోడ మీద ఒక గడియారం ఉంది గానీ దాన్ని చూడాల్సిన అవసరం రాలేదు.

ఆఖరి రోజు శనివారం. పదింటికి రావలసిన పెద్ద డాక్టరుగారు పదకొండున్నర దాటాక వచ్చారు. బెంచీల మీద దవడలు పట్టుకున్న జనమంతా చూస్తుండగా గోడ వైపు వేలు చూపించి, ఇంగ్లీషులో టైమెంత అని అడిగారు. చిన్న ముల్లు పదకొండు దాటింది. పెద్ద ముల్లు ఏడు మీద ఉంది.

"క్వార్టర్ పాస్ట్ ఎలెవెన్, సర్" అన్నాను గడగడా.

"మళ్ళీ చూడమ్మా" అన్నారాయన.

చూశాను. ముల్లు ఏడు మీదే ఉంది. వినబడలేదేమోనని ఈసారి గట్టిగా అన్నాను. "క్వార్టర్ పాస్ట్ ఎలెవెన్, సర్!"

బెంచీ మీద నోట్లో దూది పెట్టుకున్న ఒక పెద్దాయన జాలిపడి, "పదకొండూ ముప్పై అయిదండీ" అని ముక్కుతో అందించాడు. డాక్టరుగారు లోపలికి వెళ్ళిపోయారు. మేనేజరు నన్ను మెట్ల దాకా సాగనంపి, "అవసరమైతే మేమే ఫోన్ చేస్తామండీ" అంది. ఆ మాటకి అర్థం తెలియనంత అమాయకురాలిని కాదు.

ఇంటికొచ్చి తలుపు తీయగానే హాల్లో గడియారం ఎదురైంది. పెద్ద ముల్లు ఏడు మీద ఉంది. నా నోరు దానంతటదే "క్వార్టర్ పాస్ట్" అంది. అప్పుడు అర్థమైంది. ఆ గడియారాన్ని నేను తిట్టని తిట్టు లేదు. దాన్ని తిట్టి ఊరుకోక, ముల్లు తిప్పిన చేతిని కూడా తిట్టాను. "పోయిన మనిషి పోయారు, ఈ దరిద్రాన్ని మాత్రం నా నెత్తిన పెట్టి పోయారు" అన్నాను ఏడుస్తూ. వెనక్కి తిరిగితే గుమ్మంలో మామయ్యగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం పూజ నుంచి రాగానే ఆయన స్టూలు తెచ్చుకుని ఎక్కారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. మా ఆయన పట్టుకోబోతే కసిరారు. ముల్లు ఇరవై నిమిషాలు వెనక్కి తిప్పి, దిగి, "రేపు వెళ్ళి ఆ మేనేజరమ్మాయిని ఇంకో వారం గడువడుగు" అన్నారు.

సోమవారం పిలవకపోయినా వెళ్ళాను. సిగ్గు విడిచి మేనేజరుకి కథంతా చెప్పాను. ఆ పిల్ల బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. "మా అమ్మమ్మగారింట్లో పావుగంట ముందండీ" అని కళ్ళు తుడుచుకుంది. "శనివారం దాకా కూర్చోండి. డాక్టరుగారికి నేను చెప్పుకుంటాను."

ఆ వారం మా ఇల్లు తలకిందులైంది. సరైన గడియారంలోంచి కూడా అందరం ఇరవై తీసేసుకున్నాం. మా ఆయన గుడివాడ రైలు రెండుసార్లు తప్పిపోయారు, రెండుసార్లూ నన్నే తిట్టారు. మామయ్యగారు మాత్రం మానకుండా రోజూ పాఠం చెప్పారు. "వాట్ ఈజ్ ద టైమ్?" అని అడిగేటప్పుడు గడియారం వైపు చూసేవారు కాదు, నేలకేసి చూసేవారు. అది చూస్తే నాకు ప్రాణం చివుక్కుమనేది.

మళ్ళీ శనివారం. ఈసారి డాక్టరుగారు పన్నెండున్నర దాటాక వచ్చారు. పెద్ద ముల్లు, నా ఖర్మ, మళ్ళీ ఏడు మీదే. 'క్వార్టర్' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ట్వంటీ ఫైవ్ టు వన్, సర్."

"గుడ్" అన్నారు. రెండున్నర గంటలు ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషి నా టైముకి మార్కులేసి లోపలికెళ్ళారు. నేను నా బల్ల వెనక కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికొస్తే మామయ్యగారు వరండాలో ఉన్నారు. ఆయన కంటే ముందు నాకు హాల్లో గడియారం కనబడింది. మళ్ళీ ఇరవై నిమిషాలు ముందుంది.

"ఎప్పుడు మార్చారండీ?"

"పొద్దున నువ్వు గుమ్మం దాటగానే."

"పరీక్ష కాకుండానేనా? నేను తప్పితేనో?"

"నేర్పింది నేను. ఎందుకు తప్పుతావ్?" అన్నారు. లోపల గడియారం వైపు చూసి, "వారం రోజులూ మీ అత్తయ్య ఇంట్లో లేనట్టే ఉందమ్మాయ్" అన్నారు.

అత్తగారు పోయి అప్పటికి రెండేళ్ళు. అంతలోనే ఆయన, "వాట్ ఈజ్ ద టైమ్?" అన్నారు.

లోపలికి చూశాను. చిన్న ముల్లు ఆరు దాటింది. పెద్ద ముల్లు నాలుగు మీద ఉంది.

"సిక్స్ ఓ క్లాక్ అండీ."

"కరెక్ట్" అని, సెంటర్లో బస్సేదో వచ్చి ఆగినట్టు గబగబా చెప్పులేసుకుని బయటికెళ్ళారు.