పట్టపగలు శుక్రుడు

పొందూరులో మా వీధివారందరికీ తెలియజేయునది ఏమనగా: మా ఎదురింటి డాబా మీద సుద్దతో గీసిన గీతలను ఎవరూ తొక్కరాదన్న ఆజ్ఞ నేటితో రద్దయినది. ఇకపై అక్కడ వడియాలు పెట్టుకోవచ్చు, దుప్పట్లు ఆరేసుకోవచ్చు, పిల్లులు సైతం తిరగవచ్చు. ఆజ్ఞ వేసిన లెక్కల మాస్టారు మొన్న మంగళవారం పోయారు.

ఎనిమిదో తరగతిలో నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసింది ఆయనే. తర్వాత నేను వెల్డింగ్ షాపు పెట్టుకుంటే, తన టెలిస్కోపుకి స్టాండు చేయించుకోవడానికి వచ్చిందీ ఆయనే. "లెక్కలెలాగూ రావు, అతుకైనా తిన్నగా ఎయ్యరా" అన్నారు. వేశాను. ఆ రోజు నుంచి ఆ డాబా నాకు రెండో బడి.

ఆయన పిచ్చల్లా శుక్రుణ్ణి పట్టపగలు చూడడం. కంటికి ఆననిదాన్ని వెతకలేం కదా, అందుకని లెక్క. పంచాంగంలో ఆ రోజు శుక్రుడు ఎక్కడున్నాడో చూసి, దానికి ఇరవై నాలుగు డిగ్రీలు కలిపేవారు. పంచాంగం రాశులకీ ఆయన లెక్కకీ అంత తేడా ఉంటుందట. ఆపైన రెండు పేజీల గుణకారాలు. చివరికి మిగిలేవి రెండే అంకెలు: గొట్టం ఎటు తిప్పాలి, ఎంత ఎత్తాలి. దిక్కుకి నేల మీద సుద్దగీతలు. ఎత్తుకి గొట్టానికి కట్టిన కోణమానిని, దానికి మా ఊరి నూలుదారంతో వేలాడే సీసపు గుండు. ఎండ గొట్టంలో పడకుండా మెట్లగది నీడలో నిలబెట్టేవారు. మొదటిసారి కన్ను పెట్టినప్పుడు నీలంలో తెల్లగా, సగం చంద్రుడిలా, వణుకుతూ కనిపించాడు. ఆయన లెక్కల్ని వెక్కిరించడం మానేసింది ఆ రోజే.

అలాగని ఊరుకున్నానా? ఒకసారి కోణమానినిని కాస్త పక్కకి తిప్పేశాను. రెండు రోజులు ఆయన సరిగా తినలేదు, లెక్క మళ్లీ మళ్లీ చేశారు. భయపడి ఒప్పుకున్నాను. "అయితే లెక్క తప్పు కాదన్నమాట!" అని నా వీపు చరిచి నవ్వారు.

ఈ ఏడు ఆయనకి మరుపు ముదిరింది. ఓ మధ్యాహ్నం మాస్టారి భార్య విసుక్కుంది: "నిన్న తిన్న కూరేటో గుర్తు నేదు గానీ, సుక్కలెక్కడున్నాయో సెప్పేత్తారట!"

ఆయన విన్నారు. కాగితం అందుకుని నన్ను డాబా మీదకి పిలిచారు.

"ఒరే, నాకు కళ్లు ఆనవు. నువ్వు సూడు. లెక్క తప్పితే బుర్ర పోయిందని ఒప్పేసుకుంటాను."

రాయడానికి గంట పట్టింది. చెప్పిన చోట గొట్టం నిలిపి చూశాను.

"కనపడినాడేటిరా?"

"కనపడ్డాడు మాస్టారూ. సగం కొబ్బరిసెక్కలాగ ఉన్నాడు."

"నీ మాటెలా నమ్మడంరా! ఎలుగు ఏ పక్క?"

"సూరీడేపు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇన్నావేటే?" అని కిందకి కేకేశారు. ఆ పూట మారు అన్నం అడిగి తిన్నారట. ఆ తర్వాత పదకొండు రోజులే ఉన్నారు.

పరామర్శకి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట: ఆఖరి వరకూ మాస్టారి లెక్క తప్పలేదు, వెల్డింగోడే సాక్షి. అక్కడ తల ఊపాను. ఇక్కడ ఊపలేను. ఆ ఇరవై నాలుగు కలపడం ఆయన మరిచిపోతుంటే పక్కనే ఉండి చూశాను, నోరు మెదపలేకపోయాను. వెలుగెప్పుడూ సూర్యుడి వైపే ఉంటుందని ఆయనే నేర్పారు కనక జవాబు చెప్పగలిగాను. శుక్రుడు కనిపించాడన్నది నేను కల్పించిందే. ఆ మధ్యాహ్నం గొట్టంలో ఉన్నది గుండ్రటి ఉత్త నీలం, దాని అంచున నా కనురెప్ప వెంట్రుకల నీడ.