మిషన్లు ఆపి మాట్లాడుకున్న రోజు

జీడిమెట్లలో మా బిస్కెట్ల ఫ్యాక్టరీ పాత షెడ్డులో ఉండేది. ప్యాకింగ్ హాల్లో మిషన్లు నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడేది కాదు. అందుకే ఆడవాళ్లమంతా చేతులతో మాట్లాడుకునేవాళ్లం. రెండు వేళ్లు పెదాలకు ఆనిస్తే టీ టైమైందని. చెవి పట్టుకుంటే సార్ వస్తున్నాడని. గుండె మీద చెయ్యేసి కళ్లు పైకి తిప్పితే ఇంట్లో గొడవైందని, అన్నం తినేటప్పుడు చెప్తానని.

నాకు ఇదంతా నేర్పింది ఆపా. ఉర్దూలో అక్క అని, మేమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్లం. నేను చేరిన మొదటి రోజు నుంచి లైన్‌లో నా పక్కనే నిలబడేది. గండిమైసమ్మ అవతల ఊరు ఆమెది. నాకంటే చాలా పెద్దది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి. వాళ్లాయన పక్షవాతంతో మంచాన పడ్డాడు. పొద్దున్నే ఆయనకు స్నానం చేయించి, తినిపించి, తర్వాత బస్సెక్కి వచ్చేది. అంత చేసి వచ్చినా నా టిఫిన్ డబ్బా మూత తీసి చూసి, "గింతేనా తినేది?" అని తన రొట్టె సగం అందులో పెట్టేది. ఆ హాల్లో కాల్చిన పిండి వాసన, యాలకుల వాసన మా జుట్టుకు పట్టుకుని ఇంటిదాకా వచ్చేవి. బస్సులో మమ్మల్ని ఎవరూ ఏ ఫ్యాక్టరీ అని అడగాల్సిన పని ఉండేది కాదు.

కొన్నేళ్లకు నన్ను లైన్ లీడర్‌ని చేశారు. పని తెలుసు, డిగ్రీ ఉంది, మేడ్చల్ పిల్లను కాబట్టి అందరితో కలిసిపోతాను. మేనేజర్ గారు అలాగే అనుకుని ఉంటారు. కానీ క్యాంటీన్‌లో అందరి ముందు నిలబడి మాట్లాడాలంటే ఇంకొకరిని ముందుకు తోసేదాన్ని. ఆయన అది గమనించి నన్ను కొంపల్లిలో ఒక హోటల్లో జరిగిన శిక్షణకు పంపారు. అక్కడ నేర్పిన మేడం వెన్ను నిటారుగా పెట్టాలని, కళ్లలోకి చూడాలని, చేతులు కట్టుకోకూడదని చెప్పారు. ఇంటికొచ్చి అద్దం ముందు అన్నీ చేసి చూసుకున్నాను. నాకే నవ్వొచ్చింది. అయితే ఆ మేడం చివర్లో చెప్పిన ఒక మాట మాత్రం గుర్తుండిపోయింది: "మీరు చెప్పడం అయిపోయాక, వాళ్లకు ఏమర్థమైందో అడగండి."

అది అక్కరకొచ్చే రోజు త్వరగానే వచ్చింది. ఫ్యాక్టరీని శామీర్‌పేట అవతలికి మారుస్తున్నారు. ఆ సంగతి ఆడవాళ్లకు చెప్పే పని నాకు అప్పగించారు. క్యాంటీన్‌లో వెన్ను నిటారుగా పెట్టి నిలబడి, ఆఫీసు వాళ్లు రాసిచ్చింది చదివాను. యాజమాన్యం నిర్ణయించినది, సిబ్బంది సహకరించవలసినది, ఇలా సాగింది. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. అందరూ ఒప్పుకున్నారనే అనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకోబోతూ, ఆ మేడం మాట గుర్తొచ్చి అడిగాను.

"ఆపా, ఏమర్థమైంది?"

"నౌక్రీ పోయిందని సమజైంది బిడ్డా. ఇంకేమన్నా చెప్పినవా?"

నేను చదివినదాంట్లో ఎక్కడా ఆ మాట లేదు. కానీ వెనక కూర్చున్న వాళ్లందరూ తల ఊపారు.

మర్నాడు మేనేజర్ గారిని అడిగి టీ టైముకు మిషన్లు ఆపించాను. ఈసారి నిలబడలేదు. వాళ్ల మధ్యే బెంచీ మీద కూర్చున్నాను. "నాకు తెలిసింది చెప్త. తెల్వనిది తెల్వదనే చెప్త. నౌక్రీలు తీసేస్తలేరు. జాగ మారుతాంది. బస్సు సుచిత్ర చౌరస్తా నుంచి పెడ్తున్రు," అన్నాను.

అప్పుడు మొదలైంది. "గండిమైసమ్మ నుంచి సుచిత్రకు ఎట్ల రావాలె?" అని ఒకామె. "పిల్లలను బడికి ఎవరు తోల్తరు?" అని ఇంకొకామె. ఆపా అందరూ అయ్యేదాకా ఆగి చెప్పింది. "నాకైతే పొద్దుగాల గంట ఆలస్యం కావాలె. మా ఆయన్ని అట్ల ఇడిసిపెట్టి రాలేను. గా మాట సార్‌కు చెప్పు."

చెప్పాను. అప్పటిదాకా మేనేజర్ గారి గదిలో "సరే సార్" తప్ప ఇంకో మాట అన్నదాన్ని కాదు. ఆ రోజు కూర్చోమనకముందే కూర్చున్నాను.

"సార్, బస్సు గండిమైసమ్మ నుంచి బయలుదేరి మేడ్చల్ మీదుగా వెళ్తే చాలామంది వస్తారు. లేకపోతే రారు. రమ్మని నేను కూడా అడగలేను. ఇంకోటి, కొందరికి పొద్దున గంట ఆలస్యం కావాలి."

ఆయన పెన్ను కింద పెట్టారు. "వాళ్లకు అభ్యంతరాలేం లేవని కదమ్మా నిన్న అనుకున్నాం?"

"నిన్న నేను చదివాను సార్. ఈ రోజు వాళ్లు మాట్లాడారు."

బస్సు సంగతి రెండు మూడు రోజుల్లో తేల్చారు. మేం అడిగినట్టే తిప్పుతామన్నారు. టైము మాత్రం కుదరదన్నారు. ఒక్కసారి మిషన్ మొదలైతే లైన్ నిండా మనుషులు ఉండాలి. అది నిజమే, నాకూ తెలుసు.

బస్సు కబురు అందరికీ చెప్పడం సులువు. రెండోది చెప్పడానికి, మిషన్లు ఆపే అన్నం టైములో ఆపాను క్యాంటీన్ వెనక వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లాను. తియ్యగా చుట్టి చెప్పాలని ఎన్నో మాటలు కూర్చుకున్నాను గానీ, ఆమె ఎదురుగా నిలబడితే అవేవీ అక్కర్లేదనిపించింది.

"ఆపా, టైము మారదట. గట్టిగనే అడిగిన. కాలే."

ఆమె చున్నీ కొసతో మొహం తుడుచుకుంది. "అయితే నేను రాను."

"తెలుసు ఆపా."

"వేరేటోళ్లతోని చెప్పిపియ్యలే. నువ్వే వచ్చి చెప్పినవ్. అచ్ఛా హువా, మంచిగైంది." అంతే చెప్పి నా చెయ్యి పట్టుకుంది. లోపల మిషన్లు మళ్లీ మొదలయ్యాకే వదిలింది.

కొత్త చోటికి చాలామందిమి వచ్చాం. హాలు పెద్దది, చల్లనిది. మిషన్లు మెత్తగా నడుస్తాయి. పొద్దున బస్సు కిటికీలోంచి శామీర్‌పేట చెరువు కనిపిస్తుంది. ఇప్పుడు నా కింద మూడు లైన్లున్నాయి. మాట్లాడాల్సి వచ్చిన ప్రతిసారీ బెంచీ మీదే కూర్చుంటాను. అయినా ఆ పాత షెడ్డు వేడి, ఆ చప్పుడు, నా భుజానికి తగులుతూ ఉండే ఆపా భుజం అప్పుడప్పుడు ఎంతగా గుర్తొస్తాయో చెప్పలేను.

మొన్న ఒక ఆదివారం ఆమె ఇంటికి వెళ్లాను. ఇంటి ముందరే మిర్చీ బజ్జీలు వేసి అమ్ముతోంది. వాళ్లాయన దిండుకు ఆనుకుని మంచం మీద కూర్చున్నాడు. వేడివి రెండు కాగితంలో పెట్టి నా చేతికిచ్చి అడిగింది.

"నా జాగల ఎవరు నిలబడ్తున్రు?"

"కొత్త పిల్ల ఆపా. పని మంచిగనే చేస్తది. మాటలే మస్తు."

"మాట్లాడనియ్యి," అంది ఆపా, మూకుడులో బజ్జీ తిప్పుతూ.