వంతెన అవతల నిలబడే హక్కు

యార్క్‌షైర్‌లో మా ఊరు స్కెల్డెన్. దాని స్టేషన్ ఎదుటి టాక్సీ స్టాండులో మేం ముప్పై నలుగురం. అందులో ఆడమనిషి ఒక్కతే, జమురద్ కౌసర్. యాభై నాలుగేళ్ల మనిషి. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ‘బాజీ’, అంటే అక్కా, అనే పిలుస్తారు. భర్త నడుం దెబ్బతిని బండి దిగిపోయిన ఏడాది ఆమె ఎక్కింది. ఈ కథ నాటికి ఆమె బండి నడపబట్టి పదహారేళ్లు. ఇంట్లో మాట్లాడే మీర్‌పూర్ మాటలో అయినా, యార్క్‌షైర్ యాసలో అయినా ఎదుటివాడికి సందు ఇచ్చేది కాదు.

ఆమెది వెనక తలుపు తీస్తే ర్యాంపు దిగే పెద్ద బండి. చక్రాల కుర్చీని మనిషితో సహా ఎక్కించవచ్చు. మా స్టాండులో అలాంటివి మూడే. ఆ మోతపని మనకెందుకని మిగతా వాళ్లం మామూలు కార్లే నడిపేవాళ్లం.

ఊరి చివర నది, దాని మీద వంతెన. దాటితే హాక్రాయిడ్. ఊరి పాలన చూసే కౌన్సిల్ వేరు, అదిచ్చే టాక్సీ లైసెన్సు వేరు, చివరికి టాక్సీల రంగు కూడా వేరు. మావి తెలుపు, వాళ్లవి నలుపు. ముందుగా ఫోన్ చేసి పిలిస్తే మేం ఎక్కడికైనా వెళ్లొచ్చు. కానీ వాళ్ల స్టాండులో నిలబడకూడదు, దారిలో చెయ్యి ఎత్తినవాళ్లను ఎక్కించుకోకూడదు. రెండు ఊళ్లకూ దిక్కయిన పెద్దాసుపత్రి మాత్రం వాళ్ల వైపు ఉంది.

విన్నీ సగ్డెన్ అనే ముసలావిడను బాజీ వారానికి మూడుసార్లు ఆ ఆసుపత్రికి డయాలసిస్ కోసం తీసుకెళ్లేది. దింపేసి, ఖాళీ బండితో తిరిగొచ్చేది.

ఒక నవంబరు మధ్యాహ్నం అలా తిరిగొస్తుంటే గేటు పక్కన చక్రాల కుర్చీలో వానకు తడుస్తూ ఒకాయన కనిపించాడు. పేరు క్లిఫర్డ్, ఒకప్పుడు నేతమిల్లులో మెకానిక్. రెండు గంటలుగా అక్కడే ఉన్నాడట. అక్కడి స్టాండులో నాలుగు నల్ల టాక్సీలున్నాయి, ఒక్కదానికీ ర్యాంపు లేదు. బాజీ బండి ఆపి వెనక తలుపు తీసింది.

“ఇక్కడ ఎక్కించుకునే హక్కు నీకు లేదు కదా, తల్లీ,” అన్నాడాయన.

“అది నా తిప్పలు. ముందు కుర్చీ బ్రేకు తియ్యి, పెద్దాయనా.”

రెండు మలుపులు తిరిగేలోగా హాక్రాయిడ్ అధికారి ఒకడు బండి ఆపి నంబరు రాసుకున్నాడు. నెల తిరక్కుండా మా కౌన్సిల్ కమిటీ నుంచి పిలుపు వచ్చింది. డ్రైవర్ల తరఫున తోడుగా నేను వెళ్లాను. ఆ పెద్దమనిషి చేతనే ఫోన్ చేయించి బుక్ చేయించుకుంటే పోయేది కదా, రెండు నిమిషాల పని అని అధ్యక్షుడు నెమ్మదిగా అడిగాడు.

“ఆయన వేళ్లు చలికి కొయ్యబారిపోయాయండీ. ఫోన్ ఎలా పట్టుకుంటాడు? నాది తప్పే, కాదనను. అలాంటి మనిషి మళ్లీ కనిపిస్తే మళ్లీ ఎక్కించుకుంటాను. అది కూడా రాసుకోండి,” అంది బాజీ.

రాసుకున్నారు. రెండు వారాలు బండి తియ్యవద్దన్నారు. ఆ రెండు వారాలూ విన్నీకి సమయానికి బండి దొరక్క, రెండుసార్లు చికిత్స సగంలోనే ముగించి పంపారు. తనకు పడ్డ శిక్షకంటే బాజీకి అదే ఎక్కువ మండింది. బస్సెక్కి రోజూ ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్లి, కుర్చీల్లో ఉన్నవాళ్లను బండి కోసం ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తున్నారో అడిగి, కూతురి పాత నోటుపుస్తకంలో రాసుకుంది.

మరుసటి ఏడాది వసంతంలో కబురు వచ్చింది. టాక్సీ లైసెన్సులు ఇక కౌన్సిళ్ల చేతుల్లో ఉండవట, పట్నంలోని ప్రాంతీయ రవాణా సంస్థకు మారతాయట, మాకూ హాక్రాయిడ్‌కూ పట్నానికీ ఒకటే లైసెన్సట. మా స్టాండు భగ్గుమంది. పట్నం బండ్లు మా మీద పడతాయని భయం. మా కౌన్సిల్ లైసెన్సు ఆఫీసు గుమాస్తా జెరాల్డ్ ఫోన్లో మా గొంతు వినగానే పేరు చెప్పేసేవాడు. పట్నంలో మమ్మల్ని ఎవరు గుర్తుపడతారు? వద్దని అర్జీ రాసింది నేనే. బాజీ సంతకం పెట్టలేదు. మా పొట్ట కొడుతున్నావని ముఖం మీదే అన్నాను. సంస్థవాళ్లు పెట్టే సమావేశానికి వచ్చి మాట్లాడమని మాత్రం అంది.

టౌన్ హాల్లో సమావేశం. సంస్థ తరఫున ఫిలిప్పా నటర్ అనే అధికారిణి వచ్చింది. మేమంతా అరిచి అలిసిపోయాక బాజీ నోటుపుస్తకంతో లేచింది.

“మా ఊళ్లో మూడు ర్యాంపు బండ్లు మధ్యాహ్నమంతా ఊరికే నిలబడి ఉంటాయి. నాలుగు మైళ్ల అవతల మనుషులు కుర్చీల్లో కూర్చుని ఎదురుచూస్తుంటారు. అడ్డం ఉన్నది నది కాదు, లైసెన్సు. కాబట్టి మార్చండి. కానీ మా సందులు తెలియనివాడికి, కుర్చీని సరిగ్గా కట్టడం రానివాడికి లైసెన్సు ఇవ్వడానికి వీల్లేదు. పట్నంలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలడిగితే ఆ పని రాదమ్మా.”

ముందు చప్పట్లు కొట్టింది మా స్టాండువాళ్లే. మరి ఆ పరీక్ష ఎవరు పెడతారని ఫిలిప్పా అడిగింది.

“నన్ను పిలవండి,” అని బాజీ కూర్చుంది.

మార్పు రావడానికి ఏడాదిన్నర పట్టింది. అన్నీ మంచే జరిగాయని చెప్పను. జెరాల్డ్ ఆఫీసు మూతపడింది. చిన్న పనికి కూడా ఇప్పుడు పట్నానికి ఫోన్ చేసి, ఎవరైనా పలికేదాకా అందులో పాట వింటూ కూర్చోవాలి. పట్నం బండ్లు వచ్చాయి. మా కొండ సందుల్లో అద్దాలు గీరుకుని సగం వెనక్కి పోయాయి. ఆసుపత్రి స్టాండులో తెలుపూ నలుపూ ఒకే వరసలో నిలబడుతున్నాయి. మొదటి ఉదయం వరసలో మొదటి బండి బాజీదే. హాక్రాయిడ్ డ్రైవర్లు కాసేపు గుర్రుగా చూసి, ఇక చేసేదేముందని జరిగి చోటిచ్చారు.

పరీక్షకు ఆమెను నిజంగానే పిలిచారు. వారానికి ఒకరోజు బస్సు డిపో ఆవరణలో పెడుతుంది. పాతవాళ్లయినా సరే పరీక్షకు నిలబడాల్సిందేనని ఆమే పట్టుబట్టింది. నా వంతు వచ్చినప్పుడు ఆమె బండిలోకి కుర్చీ ఎక్కించి, పట్టీలు బిగించి, నవ్వుతూ నిలబడ్డాను. ఆమె వంగి ఒక పట్టీ రెండుసార్లు లాగి చూసింది.

“మెలిపడింది. ఫెయిల్.”

“బాజీ, పదేళ్లుగా పక్కపక్కన బండ్లు పెట్టుకున్నాం.”

“అందుకే రెండుసార్లు చూశాను. గురువారం రా.”

గురువారం వెళ్లాను. ఈసారి ఆమే కుర్చీలో కూర్చుంది. కట్టించుకుని, మిల్లు వెనక రాళ్లబాట మీదుగా కిందికి నడపమంది. గతుకు వచ్చిన ప్రతిసారీ పట్టీలు లాగి చూసుకుంది. డిపోకు తిరిగొచ్చాక పాసు కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చి, తర్వాతివాణ్ణి రమ్మంది.